ఎమ్డెను అను నొక వైమానికుడు



ముప్పదియాఱు సంవత్సరములు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాకరణమును గూర్చియో భారతమును గూర్చియో మాటాడుమన్నచో నాకు సులభము. కాని యుద్ధమున మడిసిన యొక యువకుని స్మరించి మాటాడుమని నన్ను గోరిరి. మన తెలుగువారిలో అట్టివారు లేకపోలేదు. ఐనను నేను నేడు తలపబోవువాడు పరదేశీయుడు. ఆంగ్లేయుల బాంబు విమానము నడిపినవాడు. హెచ్. ఎల్. ఎమ్డెను అతని పేరు. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండు దిగిన మఱునాడే, అనగా 1939 సెప్టెంబరు 4వ తేదీన, అతడు మరణించెను.

అతనికిని మనకును ఏమి చుట్టఱికమని మీరడుగుదురు. రెండు ముడులు కలవు. మొదటిది మా తాతగారి నోటి మాట. రెండవది హైదరాబాదు పేరు.

మా తాతగారు నెల్లూరు మండలమువారు. 1914లో చెన్నపట్టణమున నొక వర్తకుని కొట్టులో లెక్కలు వ్రాయుచుండిరి. ఆ యేడు సెప్టెంబరు 22వ తేదీ రాత్రి భోజనము ముగించి మేడమీద పండుకొనబోవు వేళ, తూర్పుదిక్కున ఆకాశము భగ్గుమన్నదట. మొదట పిడుగనుకొనిరి. వెంటనే రెండవది, మూడవది. ఎమ్డెను అను జర్మను యుద్ధనౌక చీకటిలో తీరమునకు వచ్చి, రేవునొద్దనున్న బర్మా ఆయిలు కంపెనీవారి చమురు తొట్లపై గుండ్లు కురిపించినది. నూటికి పైగా గుండ్లు ప్రేల్చి అరగంట తిరుగకముందే మరలిపోయినది. ఒక గుండు వచ్చి పడిన తావును దెలుపు ఫలకమును ఉన్నత న్యాయస్థానపు ప్రహరీగోడకు పొదిగిరి. గుండ్లు చేసిన చెఱుపు కంటె, తరువాతి దినములలో వదంతులు చేసిన చెఱుపే యెక్కువ. నౌక మరల వచ్చుచున్నదని వేలకొలది జనులు పట్టణము విడిచి పాఱిపోయిరి. రైలులో కాలు మోపుటకు తావు లేక, మా తాతగారు కొంత దూరము నడచియు, కొంత దూరము ఎద్దుబండ్లెక్కియు, గూడూరు చేరిరట.

నాటినుండి అరవమునను మలయాళమునను ఎమ్డెనను మాట జిత్తులమారివానికి పేరై నిలిచినది. మా తాతగారు దానిని తమ మూటతోపాటు మా యింటికి గొనివచ్చిరి. మేము పిల్లలము అటుకమీది బెల్లపు కుండలో చేయి పెట్టినచో, "వచ్చినాడమ్మా ఎమ్డెనుగాడు!" అని వాకిటినుండి కేక వేసెడివారు. ఆ మాట మనుష్యుని పేరో, ఊరి పేరో, దయ్యము పేరో మాకు దెలియదు. కేక వినబడిన వెంటనే దొడ్డిదారి పట్టుటయే మాకు దెలిసినది.

పెద్దయైన తరువాత దెలిసినదేమనగా, అది మొదట నొక ఊరి పేరు. జర్మనీ వాయవ్యతీరమున ఎమ్సు అను నది సముద్రమున గలియు చోట నున్న రేవుపట్టణము ఎమ్డెను. ఊరి పేరు ఓడకు వచ్చినది. ఆ ఓడ 1914 నవంబరు 9వ తేదీన కోకసు దీవులయొద్ద ఆస్ట్రేలియావారి సిడ్నీ అను నౌక చేత దెబ్బతిని మెరకకెక్కి పాడైపోయినది. దాని నాయకుడు ఫన్ ముల్లరు పట్టిన వర్తకనౌకలలోని మనుష్యులకు ప్రాణభయము కలుగనీయనివాడని శత్రువులే మెచ్చుకొనిరి. జర్మనులు ఆ కీర్తిని విడువజాలక, బ్రదికి వచ్చిన నావికులు తమ యింటిపేరునకు చివర ఓడ పేరు చేర్చుకొనవచ్చునని యనుజ్ఞ యిచ్చిరి. 1925లో అదే పేరుతో క్రొత్త యుద్ధనౌకను నీట దింపి, పాత నౌక గౌరవమునకు గుఱుతుగా దాని ముక్కున ఇనుప శిలువ నతికిరి. మన యిండ్ల పేర్లలో సగము ఊళ్ల పేర్లే కదా. అట్లే ఐరోపాలోను ఊరి పేరు ఇంటిపేరైన కుటుంబములు ఎన్నియో కలవు. ఇంగ్లండులో ఎమ్డెను అను నింటిపేరు గల యువకుడుండుట యేమియు వింత గాదు. వింత యెచ్చట కలిగినదో ముందు చెప్పెదను.

రెండవ ముడి హైదరాబాదు. మొదటి ప్రపంచయుద్ధపు చివరి యేట, 1918లో, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆంగ్లేయుల వైమానిక సైన్యమునకు డి.హెచ్. 9 ఏ అను జాతి బాంబు విమానములను కానుకగా నిచ్చెను. అవి నిజామువారి కానుక యని ఆ విమానములమీద అక్షరములు వ్రాయించిరి. వానిని పొందిన 110వ స్క్వాడ్రనునకు నాటినుండి "హైదరాబాదు" స్క్వాడ్రనని పేరు. దాని ముద్రలో పెద్దపులి యున్నది. లాటిను భాషలోనున్న దాని ప్రతిజ్ఞకు "భయపడను, చులకన చేయను" అని యర్థము.

ఇచ్చట నొక మాట చెప్పక పోజాలను. దాత పేరు విమానమున నెక్కినది. కాని ఆ ధనము గోలకొండ గుట్టలలో మొలవలేదు. వరంగల్లు, నల్లగొండ, కరీంనగరు మండలముల రైతు వర్షము వచ్చినను రాకున్నను కట్టిన శిస్తు అందులో కలదు. ఆ రైతు విమానమును కన్నులజూచియైన నుండడు. తన జొన్నచేను ఫ్రాన్సు దేశపు మబ్బులలో నెగురుచున్నదని అతనితో నెవరును చెప్పియుండరు. 1939నాటి విమానములు వేఱు. అవి నిజాము కొనిచ్చినవి కావు, పేరు మాత్రమే నిలిచినది. కాని పేరు నిలిచినచో ఋణానుబంధము కొంత నిలిచినట్లే యని నా తలపు. మన నాతికి వట్టి కానుకయే కావచ్చును. ఐనను ఆ పేరు క్రింద నెగిరి కూలినవాని గూర్చి ఒక్కమాటైన దెలిసికొనుట ఆ పేరు గలవారి విధి.

ఇక యుద్ధము మాట. 1939 సెప్టెంబరు 3వ తేదీ ఉదయము ఇంగ్లండు జర్మనీపై యుద్ధము ప్రకటించెను. అదే దినమున లిన్‌లిత్‌గో రాజప్రతినిధి మన దేశమును గూడ, మనలో నొక్కరి నడుగక, యుద్ధమున దింపెను. దానికి కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చుటయు, తరువాతి కథయు మీకు దెలియనిది కాదు. ఆ మధ్యాహ్నమే మక్ఫర్సను అను వైమానికుడు బ్లెన్‌హీము విమానమున నుత్తర సముద్రము దాటి, జర్మను యుద్ధనౌకలు వెలువడుచుండుట కనుగొనెను. కాని ఇరువది నాలుగువేల అడుగుల యెత్తున శీతమునకు తంతిలేని యంత్రము గడ్డకట్టి, ఆతడు పంపిన వార్త చేరలేదు. మఱునాడు మరల పోయి చూచి వచ్చెను. అప్పుడు గాని దాడికి ఆజ్ఞ వెలువడలేదు.

ఆ ఆజ్ఞలో నొక కట్టడి యుండెను. పౌరులపై బాంబులు వేయవలదని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు సెప్టెంబరు 1వ తేదీన ఉభయపక్షముల వేడుకొనగా, ఇంగ్లండు అంగీకరించెను. కావున యుద్ధనౌకలపై తప్ప నేలమీద బాంబు పడరాదు. ఆ మాట ఎంతకాలము నిలిచినదో, 1940లో కవెంట్రీయు, 1943లో హాంబర్గును, 1945లో డ్రెస్డెనును ఏమైనవో లోకమెఱుగును. కాని ఆ సెప్టెంబరు 4వ తేదీన ఆ కట్టడిని మనసార పాటించియే వారు బయలుదేరిరి.

మూడు స్క్వాడ్రనులనుండి ఐదేసి చొప్పున పదునైదు బ్లెన్‌హీము విమానములు లేచినవి. వానిలో ఒక స్క్వాడ్రనునకు మబ్బులలో దారి దెలియక గుఱి దొరకలేదు. హైదరాబాదు స్క్వాడ్రను వాటిషము అను చోటనుండి, డోరను అను నాయకుని వెంట పోయినది. ఆ యైదు విమానములలో నొకటి మన ఎమ్డెను నడుపునది. ఆ జాతి విమానమున సామాన్యముగా మువ్వురుందురు: నడపువాడు, దారి చూచి బాంబు వేయువాడు, తంతిలేని యంత్రమును తుపాకిని జూచుకొనువాడు. మేఘములు సముద్రమునకు తాకుచున్నట్లు క్రిందికి దిగియుండెను. వారును మేఘముతోపాటు క్రిందికి దిగి, అలలమీదుగా పోవలసి వచ్చెను.

విల్‌హెల్మ్స్‌హావెను రేవునకు వెలుపల అడ్మిరల్ షేరు అను మహానౌక లంగరు వేసి యుండెను. విమానములు అకస్మాత్తుగా మబ్బునుండి వెలువడినప్పుడు నౌకమీద నావికులు తీఱికగా నుండిరనియు, వెనుకతట్టున త్రాటిమీద ఉతికిన బట్టలు ఆఱవేసియుండెననియు డోరను తరువాత చెప్పెను. యుద్ధవర్ణనలు నేను చాల చదివితిని. ధనుష్టంకారములు, రథచక్రఘోషములు, రక్తనదులు, అన్నియు చదివితిని. ఆఱవేసిన బట్టలను జెప్పిన వర్ణన మఱియొకటి నాకు గనబడలేదు.

బాంబులు పడినవి. తక్కువ యెత్తునుండి వేసిన బాంబు వెంటనే ప్రేలినచో వేసిన విమానమే దగ్ధమగును గనుక, పదునొకండు క్షణములు తడసి ప్రేలునట్లు వానిని అమర్చిరి. ఆ తడవే వానికి ముప్పైనది. మూడు బాంబులు నౌకకు తగిలియు ప్రేలక వ్యర్థమైనవి. అప్పటికి నౌకలలోని తుపాకులు మేల్కొన్నవి. డోరను వెంట పోయిన ఐదింట నాలుగు మరలి వచ్చినవి. వెనుక వచ్చిన 107వ స్క్వాడ్రను పాలబడినది అంతకన్న ఘోరము: ఐదు పోగా ఒక్కటి వచ్చినది.

మరలి రాని ఆ ఐదవ విమానము ఎమ్డెనుది. తుపాకి దెబ్బ తిని, రేవులో నొక యుద్ధనౌక ముందుభాగముమీద కూలినది. ఆ నౌక పేరు ఎమ్డెను.

వింత యిదియే. చెన్నపట్టణమును గాల్చిన ఓడ పేరు పెట్టుకొన్న ఓడమీద, ఆ పేరే యింటిపేరుగా గలవాడు, హైదరాబాదు పేరు గల దళమునుండి వచ్చి పడి మడిసెను. నావికులు కొందఱు ఆతనితో మరణించిరి. ఇది కథకుడు కల్పించినచో, అతిశయోక్తి యని మా గురువుగారు ఎఱ్ఱసిరాతో గీత గీసియుందురు.

నాకు వెంటనే స్ఫురించినది ద్రోణపర్వము. ఇంద్రుడిచ్చిన శక్తిని కర్ణుడు విడువగా, ఆకాశమున నున్న ఘటోత్కచుడు చచ్చుచు దేహమును పెంచి కౌరవసేనపై బడి, ఒక్క అక్షౌహిణిని నలిపివేసెను. ఆ ఘట్టమును నేను ప్రతియేడు ఉత్సాహముతో చెప్పెడివాడను. చేతులు చాచి, బల్లమీదికి వంగి, ఆ పతనమును అభినయించెడివాడను. ఒకనాడు వెనుక వరుసలోని పిల్లవాడు లేచి, "మాస్టారూ, క్రింద నలిగిపోయినవారిలో ఒక్కరి పేరైన వ్రాసినారా అండీ?" అని యడిగెను. వాడు చదువులో వెనుకబడినవాడు, రెండుసార్లు తప్పినవాడు. "తిక్కనగారు చెప్పలేదురా, కూర్చో" అంటిని. పిల్లలు నవ్విరి. వాడును నవ్వి కూర్చుండెను. నాటినుండి నేటివఱకు నేనా ప్రశ్నకు ఉత్తరము చెప్పియుండలేదు.

ఘటోత్కచుడు శత్రువులపై పడవలెనని పడెను. ఎమ్డెను అట్లు తలచెనని చెప్పుటకు ఆధారము లేదు. రెక్క విఱిగిన విమానమునకు ఓడను ఏఱుకొను శక్తి యుండదు. వాని చేతులలో నప్పుడు మిగిలినది ఏమియు నుండకపోవచ్చును. కావున అతని మహావీరుడని పొగడుట నాకిష్టము లేదు. ఆ పొగడ్త తలిదండ్రులకు ఓదార్పు కావచ్చును గాని నిజము కావలసిన పని లేదు. ఓడమీద బట్టలు ఆఱవేసికొనుచు దిరుగు ఆ వయస్సు పిల్లలు, ఆకాశమున ఆ వయస్సు పిల్లవాడు. ఒకరి పేరు ఒకరికి దెలిసినచో ఉభయులును నవ్వియుందురు.

నన్ను బాధించునది వేఱొకటి. ఎమ్డెనును ఇన్నియేండ్ల తరువాత పుస్తకములలో వ్రాయుట అతని పేరును బట్టి, ఆ కాకతాళీయమును బట్టి. ఆతని పేరు స్మిత్తో జోన్సో యైనచో, ఆ దినమున గూలినవాటిలో నొకటి యని లెక్కలో గలిసిపోయియుండును. అతనితో నొకే లోహపు గూటిలో గూర్చుండి అదే నిప్పున దగ్ధులైనవారికి అట్టి పేర్లు లేవు గనుక, కథ చెప్పువారు వారిని తలపరు. నేనును వారి పేర్లు చెప్పక, మువ్వురుందురని యూరకుంటిని, చూడుడు. ఆ దినమున డోరనునకును మక్ఫర్సనునకును విశిష్టవైమానిక శిలువ యను పతకములు వచ్చినవి. నవంబరులో రాజు స్వయముగా వచ్చి తొడిగెను. ఆ కాలపు నియమము ప్రకారము ఆ పతకమును మరణించినవారి కీయరు. బ్రదికి వచ్చినవాని రొమ్మునకే అది. ఆ పతకములు పొందినవారి గతియు సుఖము గాదు: మక్ఫర్సను 1940 మే నెలలో విమానముతో కూలి చనిపోయెను, డోరను అదే యేడు శత్రువుల చేత చెఱపడెను. యుద్ధము ముగియునాటికి ఆంగ్లేయుల బాంబు విమానదళమున మరణించినవారు 55,573 మంది. వారు వేసిన బాంబుల క్రింద మరణించినవారు అంతకు ఎన్నియో మడుంగులు. ఈ రెండు సంఖ్యలను ఒకే శ్వాసతో చెప్పలేనివాడు ఈ విషయమును ముట్టరాదని నా యభిప్రాయము.

క్రిందనున్నవారి పక్షము కూడ మనకు దెలియకపోలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసినవి. మా అమ్మగారి పుట్టినిల్లు కాకినాడ. అప్పటికామెకు తొమ్మిదేండ్లు. విమానపు మ్రోత వినబడగానే అమ్మమ్మగారు పిల్లలను రెక్క పట్టి లాగుకొనిపోయి మంచము క్రిందికి త్రోసిరట. తాను మాత్రము మరల పోయి ఆవకాయ జాడీ తెచ్చుకొనిరట. ఆ రాత్రియే కుటుంబము పల్లెకు పాఱిపోయెను. దండెముమీది బట్టలు దండెముమీదనే యుండిపోయినవని, తన పట్టులంగా ఎండకు వెలిసిపోయినదని మా అమ్మగారు చివరివఱకు చెప్పుచుండెడివారు. "పైనున్నవాడికి మా బట్టలు కనబడి ఉంటాయిరా?" అని ఒకసారి నన్నడిగిరి. అప్పటికి నేను డోరను చెప్పిన మాట చదువలేదు. చదివిననాటికి ఆమె లేరు.

ఆ యేడే, 1942లోనే, హైదరాబాదు స్క్వాడ్రను మన దేశమునకు వచ్చి, బర్మా సరిహద్దున జపానువారితో పోరాడినది. అప్పటికి ఎమ్డెను కాలమునాటివారు అందులో నెందఱు మిగిలిరో!

మఱియొక మాట చెప్పి ముగించెదను. 1918లో నిజాము కానుకగా నిచ్చిన విమానములలో నొకటి, ఎఫ్ 1010 సంఖ్య గలది, నేటికిని చెడక యున్నది. ఆ యేడు అక్టోబరులో జర్మనులు దానిని పట్టుకొనిరి. దానిని నడపినవారు ప్రాణములతో బందీలైరి. బెర్లిను నగరమున వింతవస్తువుగా నిలిపిరి. రెండవ యుద్ధమున బెర్లినుమీద బాంబులు పడుచుండగా, ఆ బాంబులనుండి రక్షించుటకై ఈ బాంబు విమానమునే పోలండునకు తరలించిరి. 1977లో పోలండువారు దాని నిచ్చి, బదులుగా నొక స్పిట్‌ఫైరు విమానమును బుచ్చుకొనిరి. అట్లు అది లండను నగరపు హెండనులోని వైమానిక సంగ్రహాలయమునకు జేరెను. కొన్నియేండ్ల క్రిందట, లండనులో నుద్యోగము చేయు నా శిష్యుడొకడు దానిని జూచి నాకు ఫోను చేసెను. "మాస్టారూ, దీనిమీద మన నిజాం పేరు ఉందండీ" అని సంతోషముతో అఱచెను. వాడు మఱెవరో కాదు. వెనుక వరుసలో గూర్చుండి నలిగినవారి పేర్లడిగినవాడు. రెండుసార్లు తప్పినవాడు లండను ఎట్లు చేరెనో అది వేఱొక ప్రసంగము. "నిజాం పేరు సరే, నడిపినవారి పేర్లున్నవేమో చూడరా" అంటిని. వెదకి చూచి, మరల ఫోను చేసెదనని చెప్పెను.

మా మనుమరాలికి ఆఱేండ్లు. మొన్న అటుక లేని మా యింట, అలమారలోని బెల్లము డబ్బా మూత తెఱచుచుండగా చూచితిని. తాతగారి కేక నా గొంతు వఱకు వచ్చినది. పైకి రానీయక, ఒక ముక్క పెద్దది విఱిచి యిచ్చితిని.